కుడి ఎద్దు నంబరు

ఆ రోజు పొద్దున్న పల్లంరాజుగారి ప్లాను చాలా తేలికైనది. కాఫీ తాగడం, కొబ్బరికాయ కొట్టడం, జీపెక్కి నేపాల్ వెళ్ళిపోవడం.

నేపాల్ ఎందుకంటే, పాస్‌పోర్టు అడగని ఫారిన్ అది. ఫారిన్ ఎందుకంటే, ఎదురింటి సత్యకుమారి సింగపూర్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ప్రతి మాటా "ఫారిన్‌లో అయితేనా..." అని మొదలుపెడుతోంది. కూరలో ఉప్పు తక్కువైనా సింగపూరే, వీధిలో మురిక్కాలవ పొంగినా సింగపూరే. పల్లంరాజుగారి భార్య సూర్యకళ ఏడాదిపాటు విని విని, ఓ సాయంత్రం వీధంతా వినపడేలా చెప్పేసింది. "మేమూ వెళ్తున్నామండీ ఫారిన్! ఇల్లు కూడా పట్టుకుని మరీ వెళ్తున్నాం!"

ఆ ఇల్లు పల్లంరాజుగారి సొంత బుర్రలో పుట్టింది. రొయ్యల చెరువులు బాగా పండిన రోజులవి. ద్రాక్షారామం చుట్టుపక్కల అందరికంటే ముందు డిష్షు పెట్టించింది ఆయనే. దొరలు కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని దేశాలు తిరగడం అందులో చూశారు. వెంటనే రొయ్యలు తోలే పాత ఐసుపెట్టెకి చక్రాలు వేయించి, కిటికీలు కోయించి, లోపల మంచం, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీలు సర్దించారు. ఎంత ఫినాయిలు పోసి కడిగినా వీధిలో పిల్లులు మాత్రం దాన్ని మర్చిపోలేదు.

"రొయ్యలపెట్టెలో ఫారినేంట్రా?" అంటూనే ఆయన తల్లి సంపూర్ణమ్మ అందరికన్నా ముందెక్కి మంచం ఆక్రమించింది.

వీధంతా దండలతో వచ్చింది. సత్యకుమారి దండ లేకుండా, నవ్వు మాత్రం సిద్ధం చేసుకుని వచ్చింది. డ్రైవరు రాజ్ కుమార్ బండి చుట్టూ ఓసారి తిరిగి, పెట్టె వెనక వైపు చూసి ఆగిపోయాడు. మస్కట్‌లో షేకు దగ్గర బండి తోలుతూ సెలవుకి ఇంటికొచ్చినవాడు. ఫారిన్ రూల్సంటే ఆ ఊళ్ళో అతని తరవాతే ఎవరైనా.

"ఆయ్, రాజుగారూ! దీనికి వెనక నంబరేదండీ?"

"జీపుకుంది కదోయ్."

"అలా కాదండి. ఫారిన్‌లో వెనకబండి మీద కూడా ముందుబండి నంబరే ఉండాలండి. ఏది లాగితే దాని నంబరు! మా షేకుగారి బండిని ఇందుకే బోర్డర్లో ఆపేశారండి. ఇసకలో, ఎండలో, పొద్దుగూకేదాకా!"

"సింగపూర్లో అయితేనా, జైల్లోనే పడేస్తారు" అంది సత్యకుమారి సంతోషంగా.

సూర్యకళ మొహం చూసి పల్లంరాజుగారు బోర్డులు రాసే చిట్టియ్యను పిలిపించారు. అతను జీపు నంబరును నీడ అక్షరాలతో రాసి, అటో పువ్వూ ఇటో పువ్వూ వేశాడు.

"పువ్వులెందుకయ్యా?"

"ఫారిన్ వెళ్తంది గదండీ!"

దారిలో బండి మారితే మళ్ళీ నంబరు మార్చాలి కదా అని రాజ్ కుమార్ చిట్టియ్యను డబ్బాలతో సహా ఎక్కించుకున్నాడు. అతని ముందుచూపు వృథా పోలేదు. కాలవ గట్టు ఎక్కుతూ ఎక్కుతూ జీపు క్లచ్చి కాలిపోయింది.

"ఇంటికి పోదామా?" అన్నారు పల్లంరాజుగారు.

"ఇంటికా? ఆవిడ ఇంకా గుమ్మంలోనే నించుని ఉంటుందండీ!" అంది సూర్యకళ. "కాళ్ళీడ్చుకుంటూ అయినా సరే, బోర్డరు దాటాకే వెనక్కి తిరిగేది!"

చెరువుల దగ్గర్నుంచి ట్రాక్టరు వచ్చింది. తగిలించారు. "ఆగండాగండి! ఏది లాగితే దాని నంబరు!" అని రాజ్ కుమార్ అడ్డం నిలబడ్డాడు. చిట్టియ్య కిరసనాయిలు గుడ్డతో పాత నంబరు తుడిచి, ట్రాక్టరుది రాశాడు. రెండు ఊళ్ళు దాటాక ట్రాక్టరు పెద్ద చక్రం పంక్చరైంది. ట్రాక్టరు డ్రైవరు చక్రం ఊడదీసి, దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఊరి పిల్లులు పెట్టె పైకెక్కి కూర్చున్నాయి.

అప్పుడే పొలం నుంచి ఏసుపాదం ఎద్దుల్ని తోలుకొస్తున్నాడు. సంగతి విని జాలిపడ్డాడు. "యానాం దాకా అయితే నా ఎద్దులు లాగేత్తాయండి. అక్కడ లారీ ఏదన్నా దొరుకుద్ది."

అందరూ రాజ్ కుమార్ వైపు చూశారు. రాజ్ కుమార్ ఎద్దుల వైపు చూశాడు.

"ఎద్దులకి నంబరేంటోయ్!" అని అరిచారు పల్లంరాజుగారు.

"రూలంటే రూలేనండి."

"ఉందండీ!" అన్నాడు ఏసుపాదం గర్వంగా. "బేంకు లోనులో కొన్నాను గదా, ఇన్సూరెన్సోళ్ళు చెవులకి బిళ్ళలు కొట్టారు. నంబర్లున్నాయి!"

అందరికీ ప్రాణం లేచొచ్చింది. చిట్టియ్య కుంచె ముంచి ఆగాడు. "రెండెద్దులు, రెండు నంబర్లండి. ఏది రాయమంటారు?"

రాజ్ కుమార్ దీర్ఘంగా ఆలోచించాడు. "మనకి స్టీరింగు ఏ పక్క? కుడిపక్క. కుడి ఎద్దుది రాయి. మస్కట్‌లో అయితే ఎడం ఎద్దుది రాయాల్సొచ్చేది."

పొద్దు వాలేసరికి యానాం పొలిమేర వచ్చింది. అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపాడు. వెనక్కి వెళ్ళి నంబరు చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏం నంబరయ్యా ఇది? ఏ జిల్లా?"

"కుడి ఎద్దండి" అన్నాడు ఏసుపాదం.

రాజ్ కుమార్ ఫారిన్ రూలంతా వివరించాడు. ఇన్‌స్పెక్టరు ఓపిగ్గా విన్నాడు. "ఆ రూలు మనకీ ఉందయ్యా. వెనక లాగేబండి నంబరు ఉండాల్సిందే. మరి పక్కన దీని సొంత నంబరేదీ?"

పొద్దుటి నుంచీ ఒక్కరూ పక్కకి చూడలేదు.

"దీనికి సొంత నంబరు కూడానాండీ?" అన్నారు పల్లంరాజుగారు నీరసంగా.

"అంటే రిజిస్ట్రేషనే లేదా! సీజ్ చేసేస్తా! దీన్ని లాగే బండిని కూడా!" అంటూ ఇన్‌స్పెక్టరు ఊపుగా ముందుకొచ్చాడు. కుడి ఎద్దు నెమరు ఆపి అతని వైపు చూసింది. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసేశాడు.

"ఎద్దులు లాగుతుంటే ఎడ్లబండే. నాకు సంబంధం లేదు. ఇంజను తగిలించారో, అక్కడికక్కడ సీజే! ఎద్దులతో అయితే నేపాలైనా వెళ్ళండి."

సూర్యకళ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎద్దులతో నేపాలెప్పటికి వెళ్తామండీ? ఆవిడకి నా మొహం ఎలా చూపించను?"

ఆ ఏడుపుకి సంపూర్ణమ్మ నిద్రలేచి కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏ ఊర్రా ఇది?"

"యానామమ్మా."

"యానామా! ఒరే, నా పెళ్ళి ఇక్కడేరా అయింది! నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చిన్నపిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యకూడదని ఇంగ్లీషోళ్ళు చట్టం పెడితే, మా నాన్న ఎడ్లబండి కట్టించి ఇక్కడికి తీసుకొచ్చేశాడు. ఇది ఫ్రెంచోళ్ళ రాజ్యం కదా, ఆ చట్టం ఇక్కడ చెల్లదు. పందిట్లో మీ నాన్నా నేనూ నిద్రపోతే లేపి మరీ తాళి కట్టించారు."

సూర్యకళ ఏడుపు టక్కున ఆగింది. "అత్తయ్యగారూ! అయితే మీ పెళ్ళి ఫారిన్‌లో అయిందన్నమాట!"

"అప్పటికి ఫారినేగా."

మర్నాడు గోదారొడ్డున రొయ్యలపెట్టె ముందు ఫోటో తీయించుకుని, ఎద్దులతోనే తిరిగి సొంత ఊళ్ళోకి దిగారు. సత్యకుమారి గుమ్మంలోనే ఉంది. "అప్పుడే అయిపోయిందా నేపాలు?"

"నేపాలెందుకండీ? మా అత్తగారి పెళ్ళే ఫారిన్‌లో అయింది! ఆ చోటు చూసొచ్చాం. మరి మీ అత్తగారిది ఎక్కడయిందండీ?"

"ఇక్కడే, కోటిపల్లిలో" అంది సత్యకుమారి, వినీ వినపడకుండా. ఆ తరవాత ఆమె నోట సింగపూర్ మాట రాలేదు.

తిరుగుదారిలో ఏసుపాదం ఎద్దుల్ని అటుది ఇటు మార్చి కట్టాడని, రాజ్ కుమార్ మధ్యలో బండి ఆపించి నంబరు మళ్ళీ రాయించాడు.