గుమ్మంలో తాబేలు

ఒక పెద్ద అడవిలో, అంటే మన పుర్రెల్లో ఉన్నంత పెద్ద అడవిలో, ప్రతి చెట్టు తొర్రా ఒక ఆఫీసే. అందులో మద్దిచెట్టు ఆఫీసుకి కార్యదర్శి ఒక నక్క. పనులు చకచకా జరిపించి చూపిస్తే సింహం కొలువులో చోటు దొరుకుతుందని దాని ఆశ.

ఆ ఆశకి అడ్డం ఒక తాబేలు. పేరు మెగ్నీషియం. సరిగ్గా గుమ్మంలోనే కూర్చునేది. గ్లుటమేట్ అనే చిలుక కబురు తెచ్చి ఎంత అరిచినా కదిలేది కాదు. బయట చిలుక పిలవాలి, అదే సమయానికి లోపల చర్చ వేడెక్కాలి. రెండూ కలిస్తేనే లేచి పక్కకి జరిగేది. అప్పుడు కాల్షియం ఇంటిపేరుగల ఏనుగులు ఒకటో రెండో లోపలికొచ్చి నేలమీద అడుగు వేసేవి. ఆ ముద్ర పడిన కబురే అడవికి గుర్తుండేది.

తాబేలుని చూస్తే నక్కకి ఒళ్లు మండేది.

"ఏమయ్యా, చిలుక పొద్దుట్నుంచీ గొంతు చించుకుంటోంది. లేవవేం?"

"లోపల చల్లగా ఉందండి. వేడెక్కితే నేనే లేస్తాను."

"ఎవరు చెప్పారు నీకు?"

"మా తాతగారూ ఇలాగే కూర్చునేవారండి."

ఇంకేం, నక్క ఆలస్య నిర్మూలన పథకం ప్రకటించింది. తాబేలుకి దండేసి చెరువుగట్టుకి సాగనంపింది. తలుపు బార్లా తెరుచుకోకుండా నొక్కిపట్టే జింక్ అనే ముంగిసకీ అదే మర్యాద జరిగింది.

పై తొర్రలో పిల్లలతో కాపురముండే గుమాస్తా ఉడుత ఒక్కమాట అడిగింది. "అయ్యా, మరి ఏనుగుల్ని ఆపేదెవరండీ?"

"నీ పని నువ్వు చూసుకో."

పథకం బ్రహ్మాండంగా నడిచింది. చిలుక కూయడం, ఏనుగు రావడం, ముద్ర పడటం. ఆకు రాలిందన్నా ముద్రే, కాకి తుమ్మిందన్నా ముద్రే. ముద్రమీద ముద్ర పడి ఏది ఏ కబురో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ సంగతి నక్కతో చెప్పే ధైర్యం ఎవరికుంది?

లోపల వేడి పెరిగింది. వేడికి చిలుక ఇంకా గట్టిగా అరిచింది. అరుపులకి ఏనుగుల మందంతా వచ్చిపడింది. నేల కుంగింది, వేళ్లు విరుగుతున్న చప్పుడు వినిపించింది. ఉడుత ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని పక్కచెట్టుకి చేరవేయడం మొదలుపెట్టింది.

నక్క చెరువుగట్టుకి పరిగెత్తి తాబేలు కాళ్లమీద పడింది.

"బాబ్బాబు, వచ్చి గుమ్మంలో కూర్చో."

తాబేలు పాపం వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, మెడ సాచి లోపలికి చూసింది.

"కుదరదండి. లోపల వేడిగా ఉంది."

"అందుకేగా కూర్చోమంటున్నది."

"వేడిగా ఉంటే నేను లేవాలండి. కూర్చోవడం పద్ధతి కాదు."

ఇద్దరూ పద్ధతి గురించి వాదించుకుంటుండగానే మద్దిచెట్టు ఉడుత కాపురంతో సహా కూలిపోయింది. పిల్లలన్నీ బతికాయి గానీ వాటికి ఇల్లు లేదు.

సింహం విచారణకి వచ్చింది. మద్దిచెట్టు ఆఫీసులో ఆగిపోయి ఉన్న పని ఒక్కటీ లేదని నక్క మనవి చేసుకుంది. చూస్తే నిజమే. సింహం సంతోషించి, అడవిలోని చెట్లన్నిటికీ దాన్నే అధికారిని చేసింది. మర్నాడే గుమ్మాల్లో ఉన్న తాబేళ్లన్నిటికీ దండలు తయారయ్యాయి.

నీతి: అడ్డు తీసేసినవాడికి పదవి దక్కుతుంది, కప్పు కింద ఉన్నవాడికి నీతి దక్కుతుంది.