షట్టర్లు దించే మనిషి

ఆ ఉదయం గొడ్డలి అని పేరుపడ్డ మనిషి పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న పనులు ఇవి:

ఒకటి, గడ్డం గీసుకోకూడదు. రెండు, నల్ల చొక్కా ఇస్త్రీ చేయించాలి. మూడు, ఇనుప కడ్డీ ఎక్కడుందో వెతకాలి. నాలుగు, పదకొండు లోపల బజారు వీధి మొత్తం షట్టర్లు దించించాలి. ఐదు, పన్నెండున్నరకి మనవరాలిని బడి నుంచి తీసుకురావాలి.

వీటిలో ఐదోది అతను మూడేళ్ళుగా రోజూ చేస్తున్నదే. మిగతా నాలుగూ చేసి చాలాకాలమైంది.

ఒకప్పుడు ఆ చిన్న నగరంలో పెద్దాయన ముఠా అంటే పద్నాలుగు మంది. పెద్దాయన బజారు వీధిలో కాలు పెడుతున్నాడంటే ముందుగా గొడ్డలి బయల్దేరేవాడు. ఇనుప కడ్డీతో మొదటి షట్టర్ మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. టంగ్, టంగ్, టంగ్. అంతే, చివరిదాకా షట్టర్లన్నీ దిగిపోయేవి. పెద్దాయన ఖాళీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి ఇంటికి వెళ్ళిపోయేవాడు. అది ముఠా ఆచారం. గొడ్డలి అన్న పేరు కూడా అప్పటిదే. మామగారి కట్టెల కోసం గొడ్డలికి పదును పెట్టించి తెస్తుంటే జనం చూశారు. చూసినవాళ్ళు తప్పుకున్నారు, పేరు మాత్రం తప్పుకోలేదు.

తర్వాత ముఠా కరిగిపోయింది. ఒకడు బీమా ఏజెంటయ్యాడు, ఒకడు బడి వ్యాను నడుపుతున్నాడు, ఒకడు పార్కులో పెద్దవాళ్ళచేత వ్యాయామాలు చేయిస్తున్నాడు. పాత షాపులవాళ్ళు పోయి కొత్తవాళ్ళొచ్చారు. పెద్దాయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కూర్చున్నాడు. మిగిలింది గొడ్డలి ఒక్కడే. రోజూ సాయంత్రం వెళ్ళి, "వీధి ఇంకా వణుకుతోందన్నా" అని చెప్పి వచ్చేవాడు. మూడేళ్ళుగా అదే అబద్ధం.

నిన్న సాయంత్రం పెద్దాయన ఉన్నట్టుండి, "రేపు పదకొండింటికి బజారు వీధికి వస్తున్నానురా" అన్నాడు.

గొడ్డలికి రాత్రంతా నిద్ర లేదు. షట్టర్లు దిగకపోతే తన అబద్ధం బయటపడుతుంది. ముఠా లేదని తెలిస్తే పెద్దాయన గుండె తట్టుకుంటుందా?

"ఏమే, నా కడ్డీ ఏది?" అన్నాడు పొద్దున్నే.

"ముందుగదిలో కర్టెన్ దానికే వేలాడుతోంది" అంది భార్య కుట్టుమిషన్ ఆపకుండా.

"అది ఆయుధమే!"

"అయితే ఎదురింటివాళ్ళకి చెప్పి తీసుకెళ్ళండి. ఇవాళంతా మన ఇల్లే చూస్తారు పాపం."

కర్టెన్ జోలికి పోవడం మంచిది కాదని గొడ్డలి హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాడు. ఆ షాపతను ఈ వీధికి వచ్చి ఏడాదే అయింది. అతని షట్టర్ సగంలో ఇరుక్కుపోయి నాలుగు నెలలు. లోపలికి వెళ్ళాలంటే ఎవరైనా సరే వంగాల్సిందే. గొడ్డలి వంగి లోపలికి వెళ్ళి, ఒక కడ్డీ ఎంచుకుని, వంగి బయటికొచ్చి, బరువు చూద్దామని షట్టర్ మీద మూడు దెబ్బలు వేశాడు. ముప్ఫై ఏళ్ళు షట్టర్లు కొట్టిన చెయ్యి. ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. షట్టర్ దడాలున నేలదాకా దిగింది. షాపతను దాన్ని పైకి లేపితే పూలదండలా లేచింది.

అతను రెండు చేతులూ జోడించాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?"

భయపడ్డాడు అనుకున్నాడు గొడ్డలి. గొంతు బొంగురు చేశాడు. "పదకొండింటికి షట్టర్లన్నీ దిగాలి. వీధి మొత్తం. పెద్దాయన వస్తున్నారు."

"పెద్దాయన కూడానా!" షాపతని కళ్ళు మెరిశాయి. వెంటనే షాపులవాళ్ళ ఫోన్ గ్రూపులో ఇలా పెట్టాడు: 'మంచి షట్టర్ మేస్త్రీ దొరికాడు. పదకొండింటికి అందరూ దించి ఉంచండి. పెద్ద మేస్త్రీ స్వయంగా వచ్చి చూస్తాడట.'

ఈ సంగతి గొడ్డలికి తెలియదు. అతని దగ్గరున్నది బటన్ల ఫోను.

పక్కనే సెలూన్. గొడ్డలి కడ్డీ ఎత్తాడు, నోరు తెరిచాడు.

"తెలుసన్నా, పదకొండుకే కదా!" అన్నాడు సెలూనతను కత్తెర పట్టుకునే. "మాది దిగేటప్పుడు ఏనుగులా అరుస్తుంది. కాస్త గట్టిగా కొట్టు."

"గట్టిగానా?"

"నువ్వు ఎంత గట్టిగా కొడితే మాకంత మంచిది. టీ తాగుతావా?"

గొడ్డలి టీ తాగాడు. భయపడేవాళ్ళు ఇదివరకు టీ ఇచ్చేవారు కాదు. ఈ తరం మర్యాదస్తులు కాబోలు అనుకున్నాడు. జిరాక్స్ షాపు ముసలావిడ దగ్గరైతే గద్దించే అవకాశమే రాలేదు.

"మొదట మాది కొట్టు నాయనా, అందరివీ అయ్యేదాకా కూర్చోలేను" అంది. "కిందటిసారి వచ్చినవాడు సగం కొట్టి పారిపోయాడు."

గొడ్డలి ఛాతీ పొంగింది. తన తర్వాత ఎవడో ప్రయత్నించి పారిపోయాడన్నమాట! పది గంటలకి వీధి చివర నిలబడి వెనక్కి చూసుకున్నాడు. ఒక్కొక్క షట్టరే దిగుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా!

సరిగ్గా పదకొండింటికి పెద్దాయన ఆటో దిగాడు. చేతికర్ర ఊతంగా నిలబడి చూశాడు. వీధి మొత్తం మూసి ఉంది. ఒక్కో షట్టర్ పక్కనా ఒక్కో మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంత క్రమశిక్షణ ముఠా మంచి రోజుల్లో కూడా లేదు.

"చూశారా అన్నా" అన్నాడు గొడ్డలి మెల్లగా.

పెద్దాయన మొహం కాస్త చిన్నబోయినట్టు గొడ్డలికి అనిపించింది.

అప్పుడే హార్డ్‌వేర్ అతను పరుగున వచ్చి నమస్కారం పెట్టాడు. "పెద్ద మేస్త్రీగారూ, ముందు ఎవరి షట్టర్ చూస్తారు?"

గొడ్డలికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. టీ ఎందుకిచ్చారో, గట్టిగా కొట్టమని ఎందుకన్నారో, జిరాక్స్ ఆవిడ ఎందుకు తొందరపెట్టిందో. పెద్దాయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత నెమ్మదిగా దగ్గరి షట్టర్ దాకా నడిచి, అది జారే గాడిలో వేలు పెట్టి రుద్దాడు. వేలు నల్లగా వచ్చింది. ఆ వేలు ఎత్తి వీధికంతా చూపించాడు.

"దీనికి గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"గ్రీజు... పెట్టాలా అండీ?" అన్నాడు సెలూనతను.

"పెట్టాలా అని అడుగుతున్నావా?"

వీధి వీధంతా తలలు దించుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ వీధి అంత నిజాయితీగా భయపడింది లేదు.

పెద్దాయన గొడ్డలి చెవి దగ్గరికి వంగాడు. "ఒరేయ్, గ్రీజు గురించి నాకు తెలిసింది ఇంతే. మిగతాది నువ్వు చూసుకో."

"అన్నా, నన్ను క్షమించండి. మూడేళ్ళుగా అబద్ధం చెప్పాను. మనకి ఎవరూ భయపడటం లేదు."

"తెలుసురా. పాలతను నా ఇంటికే అందరికంటే ఆలస్యంగా వస్తున్నాడు. అప్పుడే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"వీధి వణుకుతోందని చెప్పేటప్పుడు నీ మొహం వెలిగిపోయేది. నీకు ఇదొక్కటే పని కదా, ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నా."

"మరి ఇవాళ ఎందుకొచ్చారన్నా?"

పెద్దాయన జేబులోంచి విరిగిన కళ్ళజోడు తీశాడు. "దీనికి కాడ వేయించాలి. జుట్టు కూడా పెరిగింది. నువ్వేమో అన్నీ మూయించి పెట్టావు." మూసి ఉన్న షట్టర్ల వైపు చూస్తూ, "ముప్ఫై ఏళ్ళుగా నేనొస్తే షట్టర్లు దించుతున్నారు. ఈ వీధిలో ఒక్క షాపు లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదురా" అన్నాడు.

గొడ్డలి కళ్ళు తుడుచుకుని, కడ్డీ పట్టుకుని కళ్ళజోళ్ళ షాపు ముందుకి నడిచాడు. టంగ్, టంగ్, టంగ్. జీవితంలో మొదటిసారి అతను కావాలని కొట్టిన మూడు దెబ్బలకి ఒక షట్టర్ పైకి లేచింది.

ఆ రోజు గొడ్డలి తొమ్మిది షట్టర్లు బాగుచేశాడు. ఐదో పని పెద్దాయనే చేశాడు. కాడ వేయించిన కళ్ళజోడుతో, కొత్త క్రాఫుతో ఆటోలో వెళ్ళి గొడ్డలి మనవరాలిని తెచ్చాడు. ఆయన ఎవరని పంతులమ్మ అడిగితే, "మా తాతయ్య వాళ్ళ మేస్త్రీ" అని చెప్పిందట ఆ పిల్ల.

ఇప్పుడు పెద్దాయన రోజూ సెలూన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పనులు ఒప్పుకుంటాడు, గ్రీజు పెట్టనివాళ్ళని మందలిస్తాడు. పని గొడ్డలి చేస్తాడు. ఇంట్లో కర్టెన్ భద్రంగా ఉంది.

మీ షట్టర్ ఎప్పుడైనా సగంలో ఇరుక్కుంటే గొడ్డలిని గుర్తుపెట్టుకోండి. అతను మూడు దెబ్బలు కొట్టినప్పుడు వీలైతే కాస్త ఉలిక్కిపడండి, పని ఇంకా శుభ్రంగా చేస్తాడు.