పంపు సీలు మీద మూడు సింహాలు

“సుభానీ, ఈ ఆత్మకూరు తాలూకాలో నేరం చేసి నా కళ్లు గప్పినోడు ఇంతవరకు పుట్టలేదురా! పుట్టినా, నేనీడ ఉండానని తెలిసి పొలిమేర దాటి ఎల్లిపొయ్యుంటాడు!”

కరీముల్లా మెకానిక్ షెడ్డులో, గ్రీజు డబ్బా మీద ఒక కాలు మోపి, పెంచలనరసయ్య ఈ ప్రకటన చేశాడు. ఆ వెంటనే డబ్బా మూత జారి, కాలు మడమ దాకా గ్రీజులోకి దిగింది. ముఖంలో గాంభీర్యాన్ని మాత్రం అతను సడలనివ్వలేదు.

సమితి ఆఫీసులో టైపు కొట్టడం అతని ఉద్యోగం. అద్దె పుస్తకాల షాపులోని డిటెక్టివ్ నవలలన్నీ నమిలి మింగాక, తన అసలు ఉద్యోగం వేరే ఉందని తట్టింది. మిలిటరీ నుంచి వచ్చిన మేనమామ వదిలేసిన ఉన్నికోటు తొడుక్కుని, వాచీల గోపాలయ్య దగ్గర కంటికి బిగించుకునే అద్దం అరువు తెచ్చుకుని, పరిశోధనలోకి దిగాడు. ఇంతవరకు అతను పట్టిచ్చిన దొంగల్లో ఒకాయన తహసీల్దారు గారి అల్లుడు. ఇంకొకాయన, పోయిన సైకిలుకు సాక్షాత్తూ సొంతదారుడు.

మహబూబ్ సుభాని స్టెప్నీ టైరు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. పలకా బలపం నాటి నేస్తం కాబట్టి పెంచలనరసయ్యను పొమ్మనలేడు. ఉండనిస్తే కొంప మునుగుతుంది.

ఎదురుగా అతని కొత్త లారీ, కాబిన్ తలుపులు బార్లా తెరుచుకుని, చచ్చి పడి ఉంది. జీవితమంతా పరాయి లారీల స్టీరింగులు తిప్పిన సుభాని, అనంతసాగరంలో భార్య చాంద్‌బీకి పుట్టింటివాళ్లు ఇచ్చిన మాగాణి అమ్మి ఆ బండి కొన్నాడు. ముందు అద్దం పైన ఆమె పేరే రాయించాడు. మొన్న ఉదయగిరి దగ్గర పొగాకు బేళ్లతో కొండ ఎగువ ఎక్కుతుండగా ఇంజను కీచుమని అరిచి, బిగుసుకుపోయింది. గొలుసులు కట్టి ఆత్మకూరుకు ఈడ్చుకొచ్చారు.

వారంటీ ఇంకా ఉంది. బండి అమ్మిన నెల్లూరు షాపు నుంచి సర్వీసు మేనేజరు రేపు వచ్చి చూస్తాడు. తప్పు తమదేనంటే కొత్త ఇంజను ఇస్తారు. కాదంటే సుభాని మళ్లీ పరాయి స్టీరింగు పట్టుకోవాలి, చాంద్‌బీ మాగాణి మట్టిలో కలిసిపోయినట్టే.

ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటుంది.

ఇంజనులోకి డీజిలు తోసే పంపుకు ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని ఎవరూ తిప్పకుండా కంపెనీవాళ్లు తీగ చుట్టి, సీసం బిళ్లతో సీలు వేస్తారు. సీలు తెగిందా, వారంటీ కూడా దాంతోపాటే తెగుతుంది. స్క్రూ కాస్త తిప్పితే మాత్రం డీజిలు ఎక్కువ దిగి, బండి నల్లగా పొగ కక్కుతూ ఎగువల్లో ఏనుగులా లాగుతుంది. దసరాకు ముందు ఉదయగిరి ఎగువలో చెంచయ్య పాత లారీ సుభాని కొత్త లారీని దాటిపోయింది. దాటితే దాటింది, చెంచయ్య హారను కూడా కొట్టాడు. ఆ హారను మోత సుభాని చెవుల్లోంచి పోలేదు. కరీముల్లా చేత సీలు తెంపించి, స్క్రూ తిప్పించాడు. తర్వాత భయమేసి, సోమశిల జాలరి ఒకడిని అడిగి వలకు కట్టే సీసం గుండు తెచ్చి, దాన్నే బిళ్లలా సాగగొట్టించి దొంగ సీలు వేయించాడు. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. చాంద్‌బీకి కూడా తెలియదు.

“పెంచలా, నీ కాళ్లు మొక్కుతా. ఈ కేసు వదిలెయ్‌రా” అన్నాడు సుభాని.

పెంచలనరసయ్య కళ్లు చిన్నవి చేశాడు. “ఎవురురా నిన్ను బెదిరించింది?”

“ఎవురూ బెదిరించలేదు.”

“అంటే గట్టిగానే బెదిరించినారన్నమాట! ఇది ప్రమాదం కాదు సుభానీ, ఇంజను హత్య! ట్యాంకులో చక్కెర పోసినారు. ఇట్టాంటివి నేను నూరు చదివినాను.”

సుభాని లేచేలోగా అతను డీజిలు ట్యాంకు మూత తీసి, అందులో వేలు ముంచి, నాలుక మీద రాసుకున్నాడు. ముఖం వికసించింది.

“తియ్యగా ఉండాది!”

“ఎందుకుండదయ్యా?” అన్నాడొక గొంతు. పరామర్శకని వచ్చిన చెంచయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఇప్పుడే గదా హోటల్లో నా పక్కన కూసోని జిలేబీ తింటివి. చెయ్యి కూడా కడుక్కోకుండానే వస్తివే!”

పెంచలనరసయ్య తొణకలేదు. “హంతకుడు శవాన్ని చూడ్డానికి తప్పకుండా వస్తాడు. నువ్వెందుకు వచ్చినావు చెంచయ్యా?”

“నువ్వు డీజిలు తాగతావుంటే చూద్దామని” అని చెంచయ్య నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన లారీ హారను కొట్టాడు. సుభాని చెవులు మూసుకున్నాడు.

మరునాడు మేనేజరు జనార్దనయ్య జీపులో దిగాడు. నుదుట విభూతి, జేబులో స్పానరు. దిగుతూనే లారీ బానెట్టును ప్రేమగా తట్టాడు.

“నా చెయ్యి పడిన బండికి ఇట్లా జరగదే! ఆయుధపూజ నాడు మా షెడ్డులో ఉన్న ప్రతి ఇంజనుకూ నేనే స్వయంగా పూజ చేస్తాను. నీ బండి కూడా ఆ రోజు ఫ్రీ సర్వీసుకు వచ్చిందా లేదా?”

“వచ్చినాది సార్. నేనూ, చాంద్‌బీ, పెంచలా, అందరం వచ్చినాం. పులిహోర కూడా పెట్టినారు.”

చాంద్‌బీ కొంగు తల మీదికి లాక్కుని షెడ్డు స్తంభం దగ్గర నిలబడింది. జనార్దనయ్య నీళ్లు చూశాడు, బెల్టు చూశాడు. పంపు దగ్గరికి వచ్చాడు. జనార్దనయ్య కళ్లజోడు తుడుచుకుని, తీగ ఉందో లేదో వేలితో లాగి చూసి, “సీలు సరిగ్గానే ఉంది” అన్నాడు.

సుభానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే ఉన్నికోటు ముందుకు దూకింది.

“ఆగండి సార్! తమరు పైపైన చూసినారు. డిటెక్టివు లోపలికి చూస్తాడు!” పెంచలనరసయ్య కంటికి అద్దం బిగించి సీలు మీదికి వంగాడు.

“వద్దురా పెంచలా...”

“మూడు సింహాలు!” అని కేక పెట్టాడు పెంచలనరసయ్య. “సీలు మీద మూడు సింహాలుండాయి! సార్, ఇది మామూలు కేసు కాదు. దీని వెనక ఢిల్లీ ఉండాది!”

సుభాని కరీముల్లా వైపు చూశాడు. కరీముల్లా నేల వైపు చూశాడు. సీసం బిళ్ల మీద ఏదో ఒక ముద్ర ఉండాలి గదా అని, దొంగ సీలు వేసిన నాడు అతను దాన్ని ఐదు పైసల నాణెంతో ఒత్తి ఉన్నాడు.

జనార్దనయ్య అద్దం తీసుకుని తన కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“మా కంపెనీ సింహాలు కొట్టదే” అన్నాడు మెల్లగా. “పంపు తిప్పించినావు. తిప్పించి దొంగ సీలు వేయించినావు. అవునా సుభానీ?”

సుభాని చాంద్‌బీ వైపు చూశాడు.

“నిజమేనా?” అంది చాంద్‌బీ స్తంభం దగ్గర నుంచి. “నిన్నే అడగతా ఉండా. నిజమేనా?”

అతను తల దించుకున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. లారీ అద్దం పైన రాసిన తన పేరు వైపు ఒకసారి చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఒక్క హారను మోతకు ఆడదాని మాగాణి తగలబెట్టిన వెధవను నేనే అని సుభానికి ఆ క్షణంలో తన మీద తనకే అసహ్యం వేసింది.

“వారంటీ లేదు, ఏమీ లేదు” అని జనార్దనయ్య అద్దం తిరిగిచ్చేసి జీపు వైపు నడిచాడు.

పెంచలనరసయ్యకు అప్పటికి విషయం బుర్రకెక్కింది. నేస్తాన్ని కాపాడబోయి గోతిలో తోశాడు. పాపం, అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి. “సార్, ఆగండి! ఇంకొక రహస్యం ఉండాది! ఇంజను లోపల ఉండాది!” అని అరుస్తూ, ఏ రహస్యమో తనకే తెలియకుండా, ఆయిలు పోసే గొట్టం మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. తడిసిన కనురెప్ప పట్టు జారింది. అద్దం గొట్టంలో పడి, టంగుటంగుమంటూ ఇంజను అడుగుకు చేరింది.

“గోపాలయ్య నన్ను చంపేస్తాడు!” అన్నాడు డిటెక్టివు.

తిట్టుకుంటూ కరీముల్లా లారీ కిందికి దూరాడు. ఆయిలు వంచేసి, ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టె విప్పి దించాడు. జనార్దనయ్యకు బుద్ధి ఊరుకోక వెనక్కి వచ్చి వంగి చూశాడు. తొట్టెలో అద్దం ఉంది. పైన, ఆయిలు పీల్చే జల్లెడకు పసుపుపచ్చగా, ఉబ్బి, ముద్దకట్టిన పదార్థమేదో అతుక్కుని ఉంది. మధ్యలో రెండు బంతిపూల రేకులు.

జనార్దనయ్య గోటితో గీకి వాసన చూశాడు. ఎగిరిపడ్డాడు.

“అక్షింతలు! ఇదీ సంగతి! జల్లెడ మూసుకుపోయింది, ఆయిలు పైకి ఎక్కలేదు, ఇంజను ఎండి బిగుసుకుపోయింది. పంపు కాదు దీన్ని చంపింది! ఎవడో బుర్రలేని దద్దమ్మ మూత తెరిచి పెట్టి, ఇంజనులో అక్షింతలు పోశాడు!”

“మా ఇండ్లలో అక్షింతలు యాడివి సార్?” అన్నాడు సుభాని. “బండి తోలేది నేను, చూసేది కరీముల్లా.”

అందరూ మెల్లగా ఉన్నికోటు వైపు తిరిగారు.

పెంచలనరసయ్య ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ ఊరందరినీ అనుమానించినవాడికి, అనుమానం తన మీదికి వస్తే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. “నేను కాదు సార్! నా బిడ్డల మీద ఒట్టు! పూజ జరిగినప్పుడు నేను పులిహోర గంగాళం కాడ ఉన్నా! మూత తీసి ఆయిలు పోస్తా ఉన్నప్పుడు తమరే గదా, మంత్రం చదివి, పిడికిలి నిండా, ఒకసారి చాలదని మూడుసార్లు...”

జనార్దనయ్య చెయ్యి తనంతట తానే నుదుటి విభూతి మీదికి పోయింది.

చాంద్‌బీ ముందుకు వచ్చింది. “అవును సార్. నేనూ చూసినా. ఇంజను కడుపు చల్లగుండాలమ్మా అని మీరే అంటిరి.”

ఆయన చాలాసేపు దగ్గాడు. తర్వాత సుభాని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. “చూడు సుభానీ, షాపు ఓనరుకు ఈ అక్షింతల కథ తెలిస్తే నా ఉద్యోగం ఉండదు. నీ సింహాలు నేను చూడలేదు. నా అక్షింతలు నువ్వు చూడలేదు. ఇంజను పుట్టుకతోనే లోపం. కొత్తది వస్తుంది.”

“సరే సార్” అన్నాడు సుభాని. నిజాయితీపరులిద్దరూ చేతులు కలుపుకున్నారు.

“నేను అద్దం కావాలనే జారవిడిచినాను” అని పెంచలనరసయ్య సాయంత్రానికల్లా బజారంతా చెప్పాడు.

కొత్త ఇంజను వచ్చింది. కరీముల్లా బిగించాడు. నెల్లూరు నుంచి జనార్దనయ్య పంపిన కొబ్బరికాయ, అక్షింతల పళ్లెం గుమ్మం బయటే ఆగిపోయాయి. చాంద్‌బీ ఆయిలు గొట్టం మూతకు గుడ్డ కట్టి, దాని పక్కనే నిలబడింది. సుభాని సెల్ఫు కొట్టాడు. ఇంజను ఒక్క పిలుపుకు పలికింది.

అంతలో రోడ్డు మీద చెంచయ్య లారీ పోతూ హారను కొట్టింది.

కరీముల్లా స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. “భాయ్, పంపు కొంచెం తిప్పమంటావా? ఒక్క పిసరు. ఎగువలో బాగా లాగతాది.”

సుభాని అటూ ఇటూ చూశాడు. పెదవులు తడుపుకున్నాడు. “ఒక్క పిసరంటే...”

“తిప్పించుకో, నేనేమీ అనను” అంది చాంద్‌బీ, మూత మీది గుడ్డ సర్దుతూ. “ఆ సీలు మీద చెయ్యి పడిన మరుక్షణం పెంచలన్నకు కబురు పెడతా. వచ్చి సాయం చేస్తాడు.”

సుభాని స్క్రూడ్రైవరును కరీముల్లా చేతిలోంచి లాక్కుని, పనిముట్ల పెట్టెలో పడేసి, పెట్టెకు తాళం వేశాడు.