పదిహేనుకి పదిహేను

ఆ ఉదయం నాంచారయ్య పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు దివ్యశ్రీని పదింటికల్లా బందరులో బడి దగ్గర దించి, గుడివాడ కబడ్డీ పోటీలకు వెళ్ళే బస్సు ఎక్కించడం. ఏడో తరగతే అయినా ఆ పిల్ల కూతకు వస్తే పెద్ద తరగతులవాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు. చేపలమ్ముకునే వాళ్ళ వీధినుంచి పోటీలదాకా వెళ్ళిన పిల్ల ఇంతకుముందు లేదు.

బస్సెక్కాలంటే బడివాళ్ళిచ్చిన ఫారం నింపి తేవాలన్నారు. పైన ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఏదో ఉంది. కింద తెలుగులో పదిహేను ప్రశ్నలున్నాయి. అయిదో తరగతితో చదువు ఆపేసిన నాంచారయ్య, తనలాంటివాడికి కావలసింది తెలుగులోనే ఉంటుందని పైదాన్ని వదిలేశాడు.

“అన్నిటికీ అవునని పెడుతున్నావేంటయ్యా?” అంది భార్య వీరమ్మ, చేపల తట్ట సర్దుకుంటూ.

“తుపాను నష్టం ఫారంలో ఉన్నదున్నట్టు ‘లేదు’ అని రాసింది మనమే. ఏం వచ్చింది? అవునన్నవాడికే ఏదో ఒకటి దక్కుద్ది.”

“పిల్ల చదువు. అబద్ధాలు రాయకు.”

“అబద్ధమెందుకే? విను. పదునైన వస్తువులు వాడతారా? నీ పక్కన కూర్చుని కత్తిపీట మీద వంజరం కోసేదెవరు? రక్తం చూసినా బెదరరా? బెదిరితే మనకి గడుస్తుందా? గట్టిగా అరుస్తారా? హార్బర్లో చేపల వేలం జరిగేటప్పుడు దీని గొంతే కదా పైకి వినపడేది. ఎదుటివాళ్ళని పడగొట్టి సంతోషిస్తారా? దానికేగా బస్సు పెట్టింది.”

చివర ఖాళీగా ఉన్న గీత మీద, ‘శ్రద్ధగా తలలు తీస్తుంది’ అని కూడా రాశాడు. రొయ్యలవి అని రాయడానికి గీత చాల్లేదు.

బడికెళ్ళి ఫారం ఇచ్చాక పావుగంటలో హెడ్‌మిస్ట్రెస్ సులోచన గారి గదినుంచి పిలుపొచ్చింది. లోపల జీవన్ కుమార్ అనే కౌన్సెలర్ టై కట్టుకుని కూర్చున్నాడు. పిల్లల మనసుల గురించి మాట్లాడ్డానికి ఆయనకు పట్నంలో ఏదో డిగ్రీ ఇచ్చారు.

“రోజుకి ఎన్ని గంటలాడుతుంది మీ అమ్మాయి?” అనడిగాడాయన.

“పొద్దున రెండు, సాయంత్రం రెండండీ. ఆదివారమైతే అన్నానిక్కూడా రాదండీ.”

“మీరు ఆపరా?”

“ఆపడమేంటండీ, నేర్పిందే నేను.”

జీవన్ కుమార్ ఎర్ర పెన్ను తీశాడు. “పదిహేనుకి పదిహేను మేడమ్. ఈ జిల్లాలో నేనింతవరకు చూళ్ళేదు. ఈ పిల్లని మిగతా పిల్లలతో పంపడం ప్రమాదం.”

దివ్యశ్రీని బస్సు దించారు. ఎందుకు దించారో వాచ్‌మన్‌కు సగం తెలుసు. మిగతా సగం ఆయనే కలిపాడు. క్షణాల్లో ఆ సంగతి తల్లిదండ్రులకు, ఒక పిల్ల కత్తితో ఎవరినో కోసిందన్నంతగా చేరింది. బంగార్రాజు అనే ఆయన తన కూతురు శ్రావ్యను చెయ్యి పట్టుకుని దించాడు.

“అలాంటి పిల్ల పక్కన మా అమ్మాయి కూర్చోదండీ. మాది పద్ధతిగల ఇల్లు.”

శ్రావ్య తలెత్తలేదు. ఆ పిల్ల చేతిలోని ఫోన్లో ఎవరో ఎవర్నో టపటపా కాలుస్తున్నారు. చూస్తుండగానే మిగతా సంచులన్నీ కూడా కిందికొచ్చాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు.

అప్పుడు నాంచారయ్య మళ్ళీ హెడ్‌మిస్ట్రెస్ గదికి పరిగెత్తాడు. “మేడమ్ గారూ, ఆ కాయితం పైన ఏం రాశారండీ?”

“హింసాత్మక వీడియో గేములు, పిల్లలపై వాటి ప్రభావం” అని చదివిందావిడ.

నాంచారయ్య జేబులోంచి రబ్బరుబ్యాండు చుట్టిన బటన్ల ఫోను తీసి బల్లమీద పెట్టాడు. “మా ఇంటిల్లిపాదికీ ఇదొక్కటేనండీ. మా పిల్ల ఆడేది కబడ్డీ. కోసేది చేప.”

“ఒప్పుకోకపోవడం కూడా ఒక లక్షణమే” అన్నాడు జీవన్ కుమార్. దివ్యశ్రీని పిలిచి తన ఫోన్లో తుపాకుల ఆట పెట్టిచ్చాడు. “ఆడమ్మా, చూద్దాం.”

ఆ పిల్ల ఫోన్ని అటూ ఇటూ తిప్పింది. “వీళ్ళేం చేశారు సార్?”

“ఎవరు?”

“ఎదురుగా ఉన్నవాళ్ళు. ఎందుకు కాల్చాలి?”

“నువ్వు కాల్చకపోతే వాళ్ళు కాలుస్తారమ్మా.”

“పక్కకి తప్పుకుంటే సరిపోద్ది కదండీ.”

“అబ్బా, గోడచాటుకి పో. అటు కాదు. నువ్వు నా లైఫులన్నీ పోగొట్టేట్టున్నావు, ఇటివ్వు.” ఫోను లాక్కున్నాడు. “ఈ లెవెల్‌కి రావడానికి నాలుగు నెలలు పట్టింది నాకు.”

టై వదులైంది. కుర్చీ వెనక్కి జరిగింది. “వెనకనుంచి వస్తావురా, రా, నీ తల లేపేస్తా” అన్నాడు పళ్ళు కొరుకుతూ.

సులోచన గారు మూడుసార్లు పిలిచారు. మూడోసారికి, “మేడమ్, వెలుతురికి అడ్డం రాకండి” అన్నాడాయన.

ఆవిడ ఫారం మీద అడ్డంగా గీత కొట్టి సంతకం పెట్టింది. దివ్యశ్రీ భుజం మీద చెయ్యి వేసి స్వయంగా బస్సుదాకా నడిపించుకెళ్ళి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. హెడ్‌మిస్ట్రెస్సే ఎక్కించాక బంగార్రాజు గారి పద్ధతి కూడా కాస్త సడలింది. శ్రావ్యతోపాటు అందరూ ఎక్కారు. నాంచారయ్య గేటు దగ్గర నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు.

జీవన్ కుమార్ గారు కూడా ఆ బస్సులోనే గుడివాడ వెళ్ళాల్సింది గానీ, ఆయనకు కాల్చడానికి ఇంకా ముగ్గురు మిగిలారు.