మార్తాండ గోల్డ్

గద్వాలలోని మహదానంద సీడ్స్ కంపెనీలో ఇకమీదట ఉద్యోగులందరూ సృజనాత్మకంగా ఆలోచించవలెననీ, ఆలోచించని వారిపై తగు చర్య తీసుకొనబడుననీ ఎండీ గారి సంతకంతో నోటీసు అంటించారు. ఎండీ గారు హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్లివచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే.

వారం తిరక్కుండానే ఒక నిపుణుడు ఏసీ కారులో దిగాడు. విత్తనాల గురించి ఆయన ఒక్క మాట అడగలేదు. అంత చిన్న విషయాలకు ఆయన రారు. జలపాతం కింద స్నానం చేసే అమ్మాయిది ఏ సబ్బు? ఏ హీరో ఏ కూల్‌డ్రింకు తాగుతాడు? మనమంతా జిరాక్స్ అంటున్నది అసలు దేని పేరు? ఇవీ ప్రశ్నలు. వ్యవసాయం చదివిన ఆఫీసర్లు నీళ్లు నమిలారు. రిజిస్టర్లు రాసే భాస్కర్ మాత్రం టకటకా చెప్పేశాడు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఏళ్ల తరబడి టీవీ ముందు కూర్చున్నవాడు, ఆ చదువు ఊరికే పోతుందా!

"చూశారా!" అని నిపుణుడు ప్రసంగించాడు. "నకలు తీసే మిషను ఎవడు చేసినా మనకది జిరాక్సే. వనస్పతి ఏదైనా డాల్డాయే. పేరు నిలబడితే చాలు, సరుకు దాని వెనకాలే నడిచి వస్తుంది." చప్పట్లు మోగాయి. భాస్కర్‌ను అక్కడికక్కడే క్రియేటివ్ ఆఫీసర్‌ను చేశారు. జీతం పాతదే, కుర్చీ మాత్రం గుండ్రంగా తిరిగేది ఇచ్చారు.

భాస్కర్ పొంగిపోయాడు. పొంగడా మరి? పాన్‌గల్ దగ్గరి పల్లెలో అతని నాయిన ఈరన్న నాలుగెకరాలు కౌలుకు పట్టాడు. ఈసారి పత్తి పండకపోతే భార్య పెంటమ్మను వెంటబెట్టుకుని మళ్లీ పూణే పోయి కాంక్రీటు తట్టలు మోయాల్సిందే. పోయినసారి మోసినందుకే ఆమెకు మెడనొప్పి పట్టుకుని వదల్లేదు. ఆ ఇంటికి ధైర్యం భాస్కర్ ఉద్యోగం ఒక్కటే.

కొత్త ఆఫీసరుకు మొదటి పని గోదాములో దొరికింది. నిరుడు అమ్మిన పత్తి విత్తనం మొలవక, రైతులు తిట్టి వాపసు ఇచ్చిన మిగులు సరుకు అక్కడ మూలుగుతోంది. "మొలవని ఇత్తనం పారబోయాలె సార్, ఇంకేముంది," అన్నాడు గోదాం చూసే జయరాజు. దానిని ప్రతికూల ఆలోచనగా మీటింగు మినిట్సులో నమోదు చేశారు. భాస్కర్ మాత్రం కుర్చీలో నాలుగు చుట్లు తిరిగి కొత్త పేరు చెప్పాడు: మార్తాండ గోల్డ్.

సినిమా హీరో మాస్ మార్తాండ అంటే ఆ రోజుల్లో పాలమూరు కుర్రకారుకు ప్రాణం. హీరోగారి బొమ్మ వేస్తే కోర్టుకు ఈడుస్తారు కనుక ప్యాకెట్టు మీద నల్లకళ్లద్దాలు, మెడకు ఎర్ర రుమాలు మాత్రమే వేశారు. ఆ రెంటినీ చూసి మనిషిని పోల్చుకోలేనివాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. కింద భాస్కర్ రాసిన మాట: "పడితే లేస్తా. లేస్తే ఆగను."

కేబుల్ టీవీలో గంటకోసారి ప్రకటన. కల్వకుర్తిలో మోటారు సైకిళ్ల ఊరేగింపు. బిజినేపల్లిలో అభిమానులు ఫ్లెక్సీకి పాలాభిషేకం చేశారు. ఆ పాలు తాగాల్సిన పిల్లలు కూడా పక్కన నిలబడి జేజేలు కొట్టారు. మొలక శాతం ఎంతని ఒక్క నరమానవుడు అడగలేదు. అడగడానికి అదేమైనా సినిమా వసూళ్లా!

అప్పుడు పెంటమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన నాలుగెకరాలకూ మీ కంపెనీదే తెచ్చిండు బిడ్డా. నల్లద్దాలది."

అప్పటిదాకా ఆ విత్తనం ఎవరో కొనుక్కుంటారనుకున్నాడు భాస్కర్. ఎవరో అంటే మనకు తెలియనివాళ్లు. చెడ్డ సరుకు విషయంలో మనందరికీ ఉన్న నమ్మకమే అది. దొరికిన బస్సెక్కి ఊరికి పరుగెత్తాడు. ఈరన్న చేనుగట్టు మీద ప్యాకెట్లు విప్పుతున్నాడు.

"నాయినా, ఏయకు. ఇది నిరుడు మొలవని ఇత్తనమే. పేరు మార్చింది నేనే."

ఈరన్న కొడుకును ఎగాదిగా చూశాడు. "ఏందిరా గట్లంటవ్? తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నవా?"

"నీ మీదొట్టు నాయినా, నిజం చెప్తున్న."

"నీకేం తెల్సురా, ఆఫీసుల కూసుండి రాసుకునేటోనివి! టీవీల దినాం చెప్తుండ్రు. ఊరంత ఇదే ఏస్తుండ్రు. అందరు పిచ్చోళ్లు, నువ్వొక్కనివే హుషారా?"

"పిల్లగాడు గంతగనం చెప్తుండు, సగం చేన్ల వేరేది ఏద్దాం," అంది పెంటమ్మ.

"నువ్వు జర ఊకో. గంత పేరున్నది మొలవకుంట ఎట్లుంటది?"

భాస్కర్ ప్యాకెట్టు లాక్కోబోతే ఈరన్న చెయ్యెత్తాడు. కొడుకు నోటితో చెప్పిన మాట, అదే కొడుకు ప్యాకెట్టు మీద రాసిన మాట ముందు నిలవలేదు. నిపుణుడు చూస్తే ఎంత మురిసిపోయేవాడో!

వానలు బాగా పడ్డాయి. గరిక మొలిచింది, తుంగ మొలిచింది, ఎవరూ ప్రకటన ఇవ్వని మొక్కలన్నీ మొలిచాయి. పత్తి మాత్రం పడ్డది పడ్డట్టే ఉంది. రైతులు రాళ్లు రువ్వుతారని కంపెనీ గేటుకు తాళం వేసుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. అంత పేరున్న విత్తనం మొలవలేదంటే తప్పు తమ నేలదేనని ఊళ్లకు ఊళ్లు తీర్మానించుకున్నాయి. ఎండీ గారు తాళం తీయించి, భాస్కర్‌కు శాలువా కప్పారు.

వనపర్తిలో పూణే బస్సు బయలుదేరేవేళ భాస్కర్ వెళ్లాడు. పెంటమ్మ కిటికీ పక్కన మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "యాళకు తిను బిడ్డా," అంది. భాస్కర్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఈరన్న మాత్రం బస్సంతా వినబడేలా, "మార్తాండ గోల్డ్ పేరు పెట్టింది మా పోరడే!" అన్నాడు.

బస్సులోని తలలన్నీ ఇటు తిరిగాయి. అందులో ఉన్నవాళ్లంతా ఆ విత్తనం వేసినవాళ్లే. భాస్కర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చాయి, కరచాలనానికి. "శభాష్ అన్నా! వచ్చే ఏడు ఎవరి పేరు పెడుతున్రు?" అని ఒకడు అడిగాడు. "యూత్ కిరీటి పేరు పెట్టు," అని వాడే సలహా ఇచ్చాడు. సగం బస్సు ఈలలు వేసింది. ఆ హీరో అంటే పడని మిగతా సగం, మార్తాండ అభిమానులు, లేచి చొక్కాలు పట్టుకుంది. కూలీలను పూణే తీసుకుపోయే మేస్త్రీ నడుమ దూరి విడదీసేదాకా బస్సు కదల్లేదు.

మొలవని విత్తనం గురించి ఆ ఏడాది మన జిల్లాలో జరిగిన గొడవ అదొక్కటే.