నాగుపాము: పదకొండో అంశం

మా ఊళ్లో జరిగిన విషసర్ప అవగాహన ప్రదర్శన దిగ్విజయమైందని భద్రతా కమిటీ సగర్వంగా ప్రకటించింది. గాయపడినవారు ఇరవై ముగ్గురే. వారిలో పాము గాయపరిచినవారు ఒక్కరూ లేరు. ఇంతకన్నా భద్రత ఎక్కడుంటుంది?

ఈ ఘనత భద్రతాధికారిది. మెట్ల పక్కన ‘ఇవి మెట్లు’ అని బోర్డు పెట్టించిన దూరదృష్టి ఆయనది. తన అవగాహన సభలకు జనం రావడం లేదన్న దిగులుతో ఓ ఉదయం పాముల బాబాయి ఇంటికి వెళ్లాడు. బాబాయి ముప్పై ఏళ్లుగా ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవిలో వదిలిపెడుతున్నాడు. స్నానాలగదిలో పాము కనిపిస్తే ఊరంతా ఆయన్నే తలుచుకుంటుంది. పాము వెళ్లిపోగానే ఇద్దరినీ కలిపి మరిచిపోతుంది. ఆ రోజు ఆయన ఇంట్లో ఒక నాగుపాము ఉంది. గోదాములో వలలో చిక్కుకుని ఒళ్లు కోసుకుపోతే, మందు రాసి పెట్టెలో ఉంచాడు.

“దాన్నే చూపిద్దాం బాబాయ్,” అన్నాడు అధికారి.

“దెబ్బ ఇంకా మానలేదండీ.”

“రెండు నిమిషాల పని. కోరలు పీకించేస్తే ఎవరికీ భయముండదు.”

“ముందు మీ పళ్లు పీకించుకుని రండి. అప్పుడు దాన్నీ అడిగి చూస్తాను.”

బాబాయి భార్యను అందరూ పిన్ని అనే పిలుస్తారు. పాముతో వేగొచ్చు గానీ కమిటీతో వేగలేమని ఆమె గట్టి నమ్మకం. వద్దని కళ్లతోనే చెప్పింది. కానీ పాము కనబడగానే కర్ర కోసం పరుగెత్తే జనం ఒక్కసారి దాన్ని తీరిగ్గా చూస్తే మారతారేమోనని బాబాయికి ఆశ. నాలుగు షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. జనం పది అడుగుల దూరంలో ఉండాలి. పెట్టె నీడలో ఉండాలి. చప్పుళ్లు కూడదు. ఆసుపత్రిలో విరుగుడు మందు సిద్ధంగా ఉండాలి.

నాలుగింటినీ కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించి, ఆపైన స్వల్పంగా సవరించింది. పది అడుగుల దగ్గర గీత గీసి, పెద్దల కుర్చీలు గీతకు లోపల వేయించారు. పెద్దలు కదా, పాము కూడా గౌరవిస్తుందని. నీడ కోసం వేసిన షామియానా పెద్దలకే చాలలేదు కనుక పెట్టె ఎండలో ఉండిపోయింది. డప్పులు నిషేధించి, బీరువా అంతటి స్పీకర్లు రెండు పెట్టారు. విరుగుడు మందు ఆసుపత్రిలో, బీరువాలో, తాళం వేసి భద్రంగా ఉంది. ఆ తాళంచెవి గల ఉద్యోగి ప్రదర్శన చూడ్డానికి సకుటుంబంగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

కార్యక్రమ పత్రంలో పాము పదకొండో అంశం. మొదటి పదీ ప్రసంగాలు.

ఆరో ప్రసంగం నడుస్తుండగా పిన్ని పెట్టె మీద చెయ్యి వేసి చూసి, అధికారి దగ్గరికి పరుగెత్తింది.

“బాబూ, పెట్టె పెనంలా కాలుతోంది. లోపల అది ఉడికి చస్తుంది.”

“కాస్త ఓపిక పట్టమ్మా. ఇప్పుడు మాట్లాడుతున్నది పాముల సంక్షేమం గురించే. మధ్యలో ఆపితే పాములకే అవమానం.”

పిన్ని ఇక ఎవరినీ అడగలేదు. తడిగుడ్డ కప్పి, పెట్టెను ఈడ్చుకెళ్లి షామియానా కింద కమిటీ చైర్మన్ గారి కుర్చీ పక్కన పెట్టేసింది. “పాము మనకు శత్రువు కాదు, సొంత తమ్ముడు,” అని అప్పుడే మైకులో చెప్పి కూర్చున్న చైర్మన్ గారికి అది చూసి హుషారొచ్చింది.

“తెచ్చేశారా! ఏదీ, నా మెళ్లో వేయండి. ఒక్క ఫోటో.”

“అది దండ కాదండీ, దెబ్బ తిన్న జీవి. ముట్టుకోకండి,” అన్నాడు బాబాయి.

చైర్మన్ గారు ఫోటోగ్రాఫరు వైపు నవ్వు చూపిస్తూ గడియ తానే తీశారు. తమ్ముడు లేచి నిలబడి, పడగ విప్పి, బుస్సుమన్నాడు. అన్నగారు వెనక్కి ఎగిరి అధికారి మీద పడ్డారు, అధికారి గుంజ మీద పడ్డాడు, షామియానా అందరి మీదా పడింది. ముందు వరుసవాళ్లు ప్రాణభయంతో వెనక్కీ, వెనక వరుసవాళ్లు వీడియో తీయాలని ముందుకీ పరుగెత్తి మధ్యలో ఢీకొన్నారు. గాయపడిన ఇరవై ముగ్గురూ అక్కడివాళ్లే.

కూలిన షామియానా కింద చీకట్లో బాబాయి కొక్కెం కర్ర పట్టుకుని మోకాళ్ల మీద ఉండిపోయాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయనకు భయం వేసింది. ఇన్ని కాళ్ల కింద అది నలిగిపోతుందని.

“ఏవండీ, కదలకండి. మీ వైపే వస్తోంది,” అంది పిన్ని, మెల్లగా.

ఆమె పెట్టెను పక్కకు పడుకోబెట్టి, దాని మూత తెరిచి, పైన తడిగుడ్డ సర్దింది. పాము బాబాయి మోకాలి పక్కనుంచి జారి, చల్లగా చీకటిగా ఉన్న ఆ చోట్లోకి తనంతట తానే దూరిపోయింది. పిన్ని గడియ వేసి, అక్కడే చతికిలబడింది.

“నిన్ను కరవలేదు కదా?” అన్నాడు బాబాయి.

“దానికేం ఖర్మ?” అంటూ కళ్లు తుడుచుకుంది.

విచారణ సంఘం వారంలో నివేదిక ఇచ్చింది. పదకొండో అంశం రాకముందే, ముందస్తు అనుమతి లేకుండా పాము పడగ విప్పినట్టు రుజువైంది. బాబాయికి హెచ్చరిక జారీ అయింది. చైర్మన్ గారి సాహసానికి సన్మానం జరిగింది. ఆ సన్మానం రోజే బాబాయి, పిన్ని దెబ్బ మానిన పామును తీసుకెళ్లి అడవిలో వదిలారు. అది వెనక్కి తిరిగి చూడలేదు.

“తెలివైంది,” అంది పిన్ని.

ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు ఊరు సగం వరుస కట్టి ఉంది. గాయపడినవాళ్లు కట్లతోనే వచ్చారు. పాము బతికిందా అని ఎవరూ అడగలేదు. మళ్లీ ప్రదర్శన ఎప్పుడన్నారు. ముందు వరుసలో చోటు కావాలన్నారు. చెయ్యికి కట్టున్న ఓ పెద్దమనిషి మొహమాటపడుతూ, గొంతు తగ్గించి అడిగాడు:

“ఈసారైనా ఎవర్నైనా కరుస్తుందా అమ్మా?”