పరుపుల అర తలుపు జానెడు తెరుచుకున్న మధ్యాహ్నం

జనాన్ని భయపెట్టి బతికేవాడు ఇంట్లో ఎంత భయపడుతూ బతకాలో మీకెవరికీ తెలియదు. తెలియకపోతేనే మంచిది. అయినా ఈ వాన ఇప్పట్లో వదిలేలా లేదు, టీ ఇంకా వేడిగానే ఉంది కాబట్టి చెబుతాను.

నేను సినిమాలకు చప్పుళ్లు చేస్తాను. తెర మీద ఎవరి ఎముకైనా విరిగితే, ఇక్కడ నేను సెలెరీ అనే ఆకుకూర కాడ విరిచానన్నమాట. దయ్యం తడి పాదాలతో నడిచొస్తే ఆ పాదాలు నావి, ఆ తడి మా స్నానాలగదిది. చోఫులోని సినిమా స్టూడియోల్లో నన్ను శబ్దబ్రహ్మ అంటారు. మా ఆవిడ మినెకో ఒత్తు అటుదిటు మార్చి శబ్దభ్రమ అంటుంది.

దయ్యాల సినిమాలకు గిరాకీ పెరిగిన ఆ ఏడు, జూన్ వానలతోపాటు మా వదినగారు త్సురుయో కూడా వచ్చారు. మినెకోకు స్వయానా అక్క. ఉండేది చోషి రేవులో. అంతకు ముందు చలికాలంలోనే ఆవిడ భర్త పోయారు. "నాలుగు రోజులుండి వెళతాను మరిదిగారూ" అన్నారు. వానలు నాలుగు వారాలు కురిశాయి. ఆవిడ కూడా వానలాగే ఉండిపోయారు.

ఆవిడకు ఇచ్చిన గది వెనకవైపు, ఆరు చాపలు పట్టేంత గది. నేను పని చేసుకునేది ఆ గదిలోనే. నా గులకరాళ్ల పెట్టె, పాత చెప్పులు, తుప్పు పట్టిన గొళ్లాలు, టేపు రికార్డరు అన్నీ నాతో కలిసి స్నానాలగదికి వలస వచ్చాయి.

"స్నానాలగదిలో పనెలా చేసేది?" అన్నాను.

"పాటలు పాడుకుంటారుగా, అలాగే చేసుకోండి."

"నేను పాడితే దయ్యాలు కూడా పారిపోతాయి."

"ఏం పారిపోవు. ఇరవై ఆరేళ్లయింది, నేను పారిపోయానా?"

వెళ్లి స్నానాల తొట్టెలో కూర్చుని పని మొదలుపెట్టాను.

అప్పట్లో నేను పని చేస్తున్నది ఓనుకి అనే దర్శకుడికి. స్టూడియోలో అందరూ ఆయన్ను 'ఇంకోసారి' ఓనుకి అనేవాళ్లు. సొంత పెళ్లిలో కూడా ప్రమాణం చదివి 'ఇంకోసారి' అన్నాడని చెప్పుకుంటారు. ఆయన సినిమాలో ఒక దృశ్యం ఉంది. ఒకావిడ ఒంటరిగా బట్టలు మడత పెడుతూ ఉంటుంది. ఆవిడ వెనక పరుపులు దాచే అర తలుపు జానెడు పక్కకు జరుగుతుంది. అంతే. లోపలి నుంచి ఏదీ రాదు.

మూడుసార్లు శబ్దం చేసి పంపాను. మూడుసార్లూ ఫోను చేశాడు.

"హతనాకా గారూ, మీ శబ్దం వింటుంటే కమ్మగా నిద్రొస్తోంది. ఇంకోసారి. శుక్రవారం లోపల కుదరకపోతే చెప్పండి, కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు."

నాకు అప్పటికి యాభై నాలుగు. ఆ చివరి ముక్క వాన చుక్కలా మెడ మీద పడి వీపు కిందకి జారింది.

ఖాళీ తొట్టెలో వెల్లకిలా పడుకుని ఆలోచించాను. ఆ వారం వాన ఎప్పుడు ఆగిందో, మళ్లీ ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. పొద్దున్న కూడా సాయంత్రంలాగే ఉండేది. కిటికీ అవతల హైడ్రాంజియా పూలు నీళ్లలో ఒలికిన సిరాలా మెల్లగా రంగు మారుతుండేవి. ఇల్లంతా నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. మెలకువకూ కునుకుకూ మధ్య నాకొక ఉపాయం తట్టింది. ఆ దృశ్యాన్ని మా వదినగారి మీద ప్రయోగిస్తే? ఆవిడ భయపడితే శబ్దం పనిచేసినట్టు. మరీ భయపడితే చోషి రైలు ఎక్కేస్తారు, నా గది నాకు దక్కుతుంది.

భయం దయ్యంలో ఉండదని మా వృత్తిలో అందరికీ తెలుసు. దయ్యం కనిపించేసరికి సగం భయం తీరిపోతుంది. దానికి ముందు చెవిని ఆకలితో మాడ్చాలి. అందుకని సోమవారం ఇంట్లో చప్పుళ్లన్నీ తీసేశాను. గోడగడియారం ఆపాను. తలుపుల గాడులకు మైనం రాశాను. కారే కుళాయికి గుడ్డ చుట్టాను. రోజూ వినిపించేది వినిపించకపోతే మనసు తనంతట తాను వెతుక్కుంటుంది, వెతికిన చోటల్లా ఏదో ఉన్నట్టు తోస్తుంది.

వదినగారు ఆ మధ్యాహ్నం మూడు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయారు.

"మీ ఇల్లు ఇవాళ ఎంత హాయిగా ఉంది మరిదిగారూ!" అన్నారు లేచి.

మంగళవారం గదుల మధ్య గోడకు పెద్ద స్పీకరు ఆనించి, చెవికి అందీ అందని లోతైన గుంయిమనే శబ్దం వదిలాను. సినిమా హాల్లో ఆ శబ్దం చెవికి తెలియదు, కడుపుకు తెలుస్తుంది. కారణం లేకుండా గుబులు పుడుతుంది. ఊరగాయ జాడీ మూత టకటకలాడింది. పక్కింటి కుక్క మా గోడకేసి చూసి దణ్ణం పెట్టినట్టు పడుకుంది. నాకు రెండుసార్లు కడుపు తిప్పింది.

వదినగారు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఏమిటోనమ్మా, లోపల గుడగుడమంటోంది. ఆకలనుకుంటాను" అని, ముల్లంగి ఊరగాయతో ఇంకో రెండు గిన్నెల అన్నం తిన్నారు.

మినెకో నాకేసి చూసింది. "మీకేమైంది, మొహం పాలిపోయింది?"

"పని ఒత్తిడి."

"తొట్టెలో పడుకుని పైకప్పు చూడటం కూడా ఒత్తిడే పాపం."

ఇక మిగిలింది అసలు దృశ్యం. బుధవారం పొద్దున్న వాళ్లిద్దరూ అంగడికి వెళ్లినప్పుడు గది సర్దాను. బల్లను కిటికీ దగ్గరికి జరిపాను. దాని ముందు కూర్చుంటే వీపు వెనక గదంతా ఖాళీ. ఆ ఖాళీ చివర పరుపుల అర. తెర మీద మనిషిని ఒక పక్కకు నెట్టి రెండో పక్క ఏమీ లేకుండా వదిలితే, చూసేవాళ్లు ఆ లేనిదాన్నే చూస్తూ కూర్చుంటారు. అర తలుపుకు నల్లదారం కట్టి, గది తలుపు పైనున్న చెక్కజాలీలోంచి వసారాలోకి, అక్కడి నుంచి స్నానాలగదిలోకి లాగాను. జరిగేదంతా ఇంకో టేపులోకి ఎక్కేలా గదిలో మైకు దాచాను. నా ఊపిరినే నిదానంగా సాగదీసి టేపులో సిద్ధంగా ఉంచాను.

మధ్యాహ్నం మూడింటికి వాన సన్నబడింది. గదిలో వెలుతురు పాలు కలిపిన నీళ్లలా ఉంది. వదినగారు బల్ల ముందు కూర్చుని ఉతికిన బట్టలు మడత పెట్టసాగారు. మినెకో ఇంట్లో ఎక్కడా కనిపించలేదు. పక్కింటికి వెళ్లి ఉంటుందనుకున్నాను.

స్నానాలగది తలుపు సందులోంచి, తెరిచి ఉన్న ఆవిడ గదిలోకి చూస్తూ ఊపిరి టేపు తిప్పాను. దారం లాగాను. గోరు వెడల్పు. వేలు వెడల్పు. తొందరపడకూడదు, భయానికి తొందర పనికిరాదు. తలుపు జానెడు తెరుచుకుంది. లోపల చీకటి నిలబడి ఉన్నట్టుంది.

వదినగారి చేతులు ఆగాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"వచ్చారా?" అన్నారు మెల్లగా.

నా ఊపిరి ఆగింది. టేపులో ఊపిరి మాత్రం నడుస్తోంది.

"లోపల తేమగా ఉంటుంది, ఇవతలికి రండి. టీ పోస్తాను."

నిజంగానే పోశారు. రెండు గిన్నెల్లో. ఒకటి తనకు, ఒకటి వెనకనున్న ఆ ఖాళీకి. టీ పడుతున్న ఆ చిన్న చప్పుడు ఎంత స్పష్టంగా వినిపించిందంటే, నా మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ముప్ఫై ఏళ్లుగా చప్పుళ్లు చేస్తున్నాను, అలాంటిది ఒక్కటీ చేయలేకపోయాను.

అప్పుడు నా చేతిలో దారం కదిలింది. నేను లాగలేదు. అటువైపు నుంచి ఎవరో లాగుతున్నారు. మెల్లగా, గోరు వెడల్పు. వేలు వెడల్పు.

కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. వెనక నేను పొద్దున్న నడక శబ్దం కోసం నింపుకున్న తొట్టె ఉంది. గులకరాళ్ల పెట్టెతో సహా అందులో పడ్డాను.

నీళ్లలోంచి తల ఎత్తేసరికి గుమ్మంలో మినెకో. జుట్టులో దూది, చేతిలో నల్లదారం.

"పొద్దున్న సామాను పెట్టడానికి వచ్చి దారం చూశాను. అర్ధగంట నుంచి ఆ పరుపుల్లో మడత పడి కూర్చున్నాను. మీకు బుద్ధి చెబుదామని!" అంది. నవ్వుతుందనుకున్నాను. ఏడుస్తోంది. "అక్క ఆ మాట అంటుందని నాకేం తెలుసు? ఆ మాట నేను నేర్పలేదండీ."

ఈలోగా వదినగారు తువ్వాలు పట్టుకుని వచ్చారు. మా ఇద్దరినీ, దారాన్నీ చూశారు. ఆవిడకు అంతా అర్థమైపోయింది.

"మా ఆయనకు ఏ తలుపూ పూర్తిగా తెరిచే అలవాటు లేదు" అన్నారు నా తల తుడుస్తూ. "ఎప్పుడూ జానెడే. నలభై ఏళ్లు పోట్లాడాను, చలిగాలి వస్తుంది, తెరిస్తే తెరవండి, మూస్తే మూయండి అని. ఇప్పుడు ఆ ఇంట్లో తలుపులన్నీ నేను వేసినవి వేసినట్టే ఉంటున్నాయి. అందుకే వెళ్లబుద్ధి కావట్లేదు."

నా చొక్కాలోంచి ఒక గులకరాయి జారి నేల మీద పడింది.

"ఏమండీ" అంది మినెకో, "అక్కతో ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

తడి బట్టలతోనే మోకాళ్ల మీద కూర్చుని తల వంచాను. "వదినగారూ, మీరు ఇక్కడే ఉండిపోవాలి. ఆ గది మీదే."

"మరి మీ పని?"

"తొట్టె బాగా అలవాటైపోయిందండీ" అన్నాను.

శుక్రవారం ఓనుకికి గదిలో మైకు పట్టిన ఆ టేపే పంపాను. వేరే టేపు ఉంటేగా పంపడానికి. నేను తొట్టెలో పడిన చప్పుడు కత్తిరించాను, మర్యాద కోసం. ఆయన ఈసారీ ఫోను చేశాడు.

"ఆ దృశ్యంలో ఆవిడ భయపడకూడదు" అన్నాడు. "ఇన్నాళ్లూ మనం ఆవిడను భయపడమంటున్నాం. ఆవిడ భయపడకపోతేనే చూసేవాడు భయపడతాడు. హతనాకా గారూ, ఆ టీ పోసిందెవరు?"

"మా వదినగారు."

"ఆవిడను స్టూడియోకు పంపండి. మీరు కూడా రండి, సామాను మోయడానికి."

అక్టోబరులో సినిమా విడుదలైంది. పొద్దున ఆటకు ముగ్గురం వెళ్లాం. నటి చేతులు ఆగినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. తెర మీద మూసిన పెదవుల వెనక నుంచి వదినగారి గొంతు, తర్వాత ఆ టీ చప్పుడు. ముందు వరుసలో ఎవరో సన్నగా మూలిగారు. ఆవిడ మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని, దూరాన ఎవరో తెలిసినవాళ్లు నడిచి వెళుతుంటే చూస్తున్నట్టు చూశారు.

కాసేపటికి ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది.

"అయిపోయింది మరిదిగారూ" అన్నారు నా చెవిలో, "కళ్లు తెరవండి."